నమో భారత్ రైలు: న్యూ అశోక్‌నగర్ నుంచి మీరట్ సౌత్ దాకా, టికెట్టు వెనకున్న లెక్కతో సహా

ఉద్యోగరీత్యా నేను కొన్నేళ్లుగా తూర్పు ఢిల్లీలోని మయూర్ విహార్ పరిసరాల్లో ఉంటున్నాను. నెలకు ఐదారుసార్లు మీరట్ వెళ్లి రావలసి ఉంటుంది. ఒకప్పుడు బస్సులో వెళ్లేవాణ్ణి. 2021లో ఢిల్లీ–మీరట్ ఎక్స్‌ప్రెస్‌వే పూర్తయ్యాక కొంతకాలం నలుగురం కలిసి కారు మాట్లాడుకుని వెళ్లాం. 2025 జనవరి 5న ఢిల్లీ–మీరట్ మధ్య వేగంగా నడిచే ప్రాంతీయ రైలు నమో భారత్ మా వైపున్న న్యూ అశోక్‌నగర్ దాకా వచ్చింది. ఆనాటి నుంచి నాకు వేరే ప్రయాణ సాధనం అక్కర లేకపోయింది. ఈ సమీక్ష రాయాలని మాత్రం అనుకోలేదు, అమ్మ వచ్చేదాకా.

అమ్మ హనుమకొండ నుంచి చలికాలం మొదట్లో వచ్చింది. మోకాళ్ల నొప్పుల వల్ల నాలుగడుగులు వేస్తే ఎక్కడో ఒకచోట కూర్చోవాలి. మీరట్‌లో మా బంధువుల ఇంట్లో శుభకార్యం ఉంటే ఈ రైల్లోనే తీసుకువెళ్లాను. మోదీనగర్ దగ్గర పట్టాలకు రెండు వైపులా చెరకు తోటలు కనబడుతుంటే ఆవిడ కిటికీలోంచి చూస్తూ, "గింత మంచి బండి ఎవరి పైసలతోటి కట్టిండ్రు బిడ్డా? మన టికెట్టు పైసలు దీనికి యాడ సరిపోతయ్?" అని అడిగింది. ఆ ప్రశ్నకు రైల్లో రెండు ముక్కల్లో జవాబు చెప్పాను కానీ, అది సరిపోయే జవాబు కాదు. ఒక ప్రయాణ సేవను సమీక్షించేటప్పుడు సీటు మెత్తగా ఉందా, ఏసీ చల్లగా ఉందా అన్నవాటితో ఆగిపోకుండా ఆ సీటును అక్కడ పెట్టడానికి డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో, ఆ డబ్బు రేపు ఎవరి మీద భారంగా పడుతుందో కూడా చూడాలని నాకు గట్టిగా అనిపిస్తుంది. అందుకే ఈ రెండింటినీ కలిపి రాస్తున్నాను.

ముందు ప్రయాణం సంగతి. న్యూ అశోక్‌నగర్ నుంచి మీరట్ సౌత్ దాకా 55 కిలోమీటర్లు, 11 స్టేషన్లు, సుమారు 40 నిమిషాలు. మామూలు బోగీలో టికెట్టు రూ.150, ప్రీమియం బోగీలో రూ.225. రైలుకు ఆరు బోగీలు ఉంటాయి. ఒకటి ప్రీమియం, ఒకటి స్త్రీలకు కేటాయించినది. గంటకు 180 కిలోమీటర్ల వేగానికి తగినట్టు రూపొందించి, 160 కిలోమీటర్ల గరిష్ఠ వేగంతో నడుపుతున్నారు. మెట్రో రైలులో గోడలకు ఆనించి పొడవాటి బల్లల్లాంటి సీట్లు ఉంటాయి. ఇందులో మాత్రం ఒక్కో వైపు రెండేసి సీట్లు ప్రయాణ దిశకు అనుగుణంగా ఉండి, పైన సామాను పెట్టుకునే అర, పక్కన ఫోను చార్జింగు పెట్టుకునే వీలు ఉన్నాయి. ప్లాట్‌ఫారం అంచున గాజు తలుపులు ఉండటం వల్ల చిన్నపిల్లలతో వచ్చినవాళ్లు నిశ్చింతగా నిలబడగలుగుతారు.

ఆ వేగం బోగీలో కూర్చున్నవారికి తెలియదు. గుల్‌ధర్ దాటాక ఒకచోట జాతీయ రహదారి పట్టాలకు దగ్గరగా వస్తుంది. అక్కడ పక్కన పోయే కార్లన్నీ వెనక్కి జారిపోతుంటే తప్ప మనం ఎంత వేగంగా పోతున్నామో తట్టదు. అమ్మ చేతిలో ఉన్న స్టీలు గ్లాసులోని నీళ్లు తొణకలేదు. నేను దాన్నే గమనిస్తూ కూర్చున్నాను.

అమ్మ విషయంలో నాకు బాగా నచ్చింది లిఫ్టు. స్ట్రెచరును అడ్డంగా తోసుకుపోయేంత వెడల్పుగా ఉంది. చక్రాల కుర్చీని ఎక్కడా ఎత్తవలసిన అవసరం లేకుండా టికెట్ గేటు నుంచి బోగీ లోపలికి నేరుగా తీసుకుపోగలిగాను. బోగీలో చక్రాల కుర్చీకీ, స్ట్రెచరుకూ స్థలం ప్రత్యేకంగా వదిలారు. మీరట్ నుంచి ఢిల్లీ ఆసుపత్రులకు ఎంతమంది రోగులు వస్తుంటారో తెలిసినవారికి ఆ ఖాళీ స్థలం విలువ తెలుస్తుంది.

ఇక అమ్మ ప్రశ్న. ఢిల్లీలోని సరాయ్ కాలేఖాన్ నుంచి మీరట్ అవతల మోదీపురం దాకా ఈ మార్గం మొత్తం 82 కిలోమీటర్లు. అందులో 68 కిలోమీటర్లు స్తంభాల మీద, 14 కిలోమీటర్లు భూగర్భంలో. 2019 ఫిబ్రవరిలో కేంద్ర మంత్రివర్గం ఆమోదించినప్పటి అంచనా వ్యయం రూ.30,274 కోట్లు. సగటున కిలోమీటరుకు దాదాపు రూ.369 కోట్లు, అంటే మీటరుకు సుమారు 37 లక్షలు. ఈ డబ్బును టికెట్ల మీదనే రాబట్టాలనుకుంటే ఏమవుతుందో ఒక ఉజ్జాయింపు లెక్క వేశాను. రోజుకు లక్ష మంది రూ.150 టికెట్టు కొన్నారనుకుందాం. కరెంటు బిల్లు, జీతాలు, మరమ్మతులు, వడ్డీ ఒక్క రూపాయి కూడా లేవనుకుందాం. అయినా పెట్టిన డబ్బు తిరిగి రావడానికి 55 ఏళ్లు పడుతుంది. నిజానికి అవన్నీ ఉంటాయి కాబట్టి టికెట్టు ఆదాయం నడిపే ఖర్చుకు సరిపోతే అదే గొప్ప. ప్రపంచంలో చాలా నగరాల పరిస్థితి ఇదే. అమ్మ ఊహ అక్షరాలా నిజం, మన టికెట్టు పైసలు సరిపోవు.

మరి ఎవరు పెట్టారు? దీన్ని కట్టింది జాతీయ రాజధాని ప్రాంత రవాణా సంస్థ, అందరూ ఎన్‌సీఆర్‌టీసీ అని పిలిచేది. 2013లో ఏర్పడిన ఈ సంస్థలో కేంద్రానికి సగం వాటా, ఢిల్లీ, ఉత్తరప్రదేశ్, హర్యానా, రాజస్థాన్ ప్రభుత్వాలకు తలా 12.5 శాతం. నాలుగు రాష్ట్రాల పొలిమేరలు దాటే రైళ్లకు ఒకే యజమాని ఉండటం చాలా పెద్ద విషయం. ఎందుకంటే సరిహద్దు ఎక్కడుంటే పని అక్కడ ఆగిపోవడం మన దేశంలో కొత్త కాదు. మార్గం నిర్మాణానికి కేంద్రం, మార్గం వెళ్లే రాష్ట్రాలు తమ వాటాలు ఇస్తాయి. వాటితో పాటు మూడు అంతర్జాతీయ బ్యాంకులు అప్పు ఇచ్చాయి. మనీలాలో ప్రధాన కార్యాలయం ఉన్న ఆసియా అభివృద్ధి బ్యాంకు, అంటే ఏడీబీ, 104.9 కోట్ల డాలర్లు. బీజింగ్‌లోని ఆసియా మౌలిక సదుపాయాల పెట్టుబడి బ్యాంకు 50 కోట్ల డాలర్లు. బ్రిక్స్ దేశాలు షాంఘైలో పెట్టుకున్న న్యూ డెవలప్‌మెంట్ బ్యాంకు మరో 50 కోట్ల డాలర్లు. మూడూ కలిపితే రెండు వందల కోట్ల డాలర్లు దాటుతాయి. 2020లో డాలరు రూ.74 దరిదాపుల్లో ఉంది కాబట్టి ఆనాటి విలువలో ఇది రూ.15 వేల కోట్లకు పైమాట, మొత్తం ఖర్చులో దాదాపు సగం.

ఈ మూడింటి పక్కన ఇంకొక చిన్న మొత్తం ఉంది. ఏడీబీ నిర్వహణలోని జపాన్ పేదరిక నిర్మూలన నిధి నుంచి 30 లక్షల డాలర్ల గ్రాంటు. ఇది అప్పు కాదు, తిరిగి కట్టనక్కర్లేదు. చూపు, వినికిడి, నడక సమస్యలున్నవారికి చక్రాల కుర్చీల వంటి సహాయక సాధనాలు సమకూర్చడం ఈ గ్రాంటుతో చేయదలచిన పనుల్లో ఒకటి. వేల కోట్ల లెక్కల్లో కంటికి కూడా ఆనని మొత్తమిది. అయితే అమ్మను కుర్చీలో తోసుకుపోతున్నప్పుడు నాకు ఈ అంకే ముందుగా గుర్తుకొచ్చింది. ఒక ప్రాజెక్టు పత్రాల్లో నడవలేనివారి కోసం విడిగా ఒక పద్దు రాసి పెట్టారంటే, ఆ మేరకు దాని గురించి ఎవరో జవాబు చెప్పవలసి ఉంటుందన్నమాట.

అప్పు అనగానే మనవాళ్లకు భయం. ఇలాంటి నిర్మాణాలకు అప్పు తేవడం తప్పు కాదని, ఎలాంటి అప్పు తెచ్చారన్నదే ముఖ్యమని నేను అంటాను. ఉదాహరణకు బ్రిక్స్ బ్యాంకు అప్పు గడువు 25 ఏళ్లు. అందులో మొదటి 8 ఏళ్లు అసలు కట్టనక్కర్లేదు. అంటే సొరంగాలు తవ్వుతూ, స్తంభాలు లేపుతూ, పైసా ఆదాయం లేని కాలంలో అసలు వాయిదాల బరువు నెత్తిన పడదు. ఇల్లు కట్టుకునేవాళ్లకు ఇది తెలిసిన సంగతే. గృహప్రవేశం కాకముందే పూర్తి ఈఎంఐ మొదలైతే, ఒక పక్క అద్దె, ఇంకో పక్క వాయిదా కట్టలేక మనిషి కుదేలవుతాడు. అదే సూత్రం ఇక్కడ వేల కోట్ల స్థాయిలో పనిచేస్తుంది. మూడేళ్లకో ఐదేళ్లకో తిరగరాయించుకోవలసిన వాణిజ్య రుణంతో ఇలాంటి రైలు కట్టడం ప్రమాదకరం.

డాలరు అప్పులో ఉన్న అసలు చిక్కు మారకపు విలువ. డాలరు రూ.74 ఉన్నప్పుడు 50 కోట్ల డాలర్లు వాడుకుంటే చేతికి వచ్చేది రూ.3,700 కోట్లు. తిరిగి కట్టేనాటికి డాలరు రూ.85 అయితే అసలు ఒక్కటే రూ.4,250 కోట్లు అవుతుంది. వడ్డీ తక్కువని సంబరపడితే ఈ రూ.550 కోట్ల తేడా ఆ సంబరాన్ని మింగేస్తుంది. 2025లో డాలరు రూ.85 దాటనే దాటింది. మనవైపు ఆదాయమంతా రూపాయల్లో, మన బాకీ డాలర్లలో ఉన్నంతకాలం ఈ గండం తప్పదు. ఈ పద్ధతిలో నాకు కనిపించే మొదటి బలహీనత ఇది.

అంతర్జాతీయ బ్యాంకు డబ్బు ఊరికే రాదు, దాని వెంట నిబంధనలూ వస్తాయి. వాటిలో ఒకటి మా ప్రయాణం మొదట్లోనే ఎదురవుతుంది. న్యూ అశోక్‌నగర్ వదిలాక రైలు భూగర్భంలోకి దిగి ఆనంద్ విహార్ స్టేషన్ మీదుగా సాహిబాబాద్ వైపు పైకి వస్తుంది. ఈ 5.6 కిలోమీటర్ల భూగర్భ మార్గానికి 2020 జూన్‌లో టెండర్లు తెరిస్తే రూ.1,126 కోట్లతో అందరికంటే తక్కువ కోట్ చేసింది షాంఘై టన్నెల్ ఇంజినీరింగ్ అనే చైనా కంపెనీ. అది గల్వాన్ లోయలో భారత, చైనా సైనికులు తలపడిన నెల. దేశమంతా ఆగ్రహంగా ఉంది. అయినా 2021 జనవరిలో ఆ కంపెనీకే పని అప్పగించారు. కారణం, అప్పిచ్చిన బ్యాంకు కొనుగోలు నియమాల ప్రకారం అర్హత ఉన్న ఏ దేశపు కంపెనీనీ పక్కన పెట్టడానికి వీల్లేదు. అప్పట్లో నాకూ ఇది మింగుడు పడలేదు. తరువాత ఆలోచిస్తే ఇందులోని రెండో వైపు కూడా అర్థమైంది: మనకు ఇష్టంలేని కంపెనీకి పని ఇవ్వక తప్పని ఆ నియమమే, స్థానిక నాయకుడికి ఇష్టమైన కాంట్రాక్టరుకు పని కట్టబెట్టకుండా కూడా ఆపుతుంది. నాణ్యతలో ఆ క్రమశిక్షణ ఫలితం కనిపిస్తోందని నేను నమ్ముతున్నాను.

ఇప్పుడు వాటాల కథ. మార్గంలో చాలా భాగం ఉత్తరప్రదేశ్‌లో ఉన్నా, ఢిల్లీ వాటా రాకపోతే లెక్క కుదరదు. ప్రాంతీయ రైలు మార్గాలకు తన వాటా ఇవ్వడానికి నిధులు లేవని ఢిల్లీ ప్రభుత్వం సుప్రీంకోర్టుకు చెప్పింది. 2023 జులైలో కోర్టు, అయితే గత మూడేళ్లలో ప్రకటనలకు ఎంత ఖర్చు పెట్టారో చెప్పమంది. తేలిన మొత్తం వెయ్యి కోట్లకు పైనే. అదే నెలలో రూ.415 కోట్లు రెండు నెలల్లో చెల్లించాలని ఆదేశించింది. గడువు దాటినా డబ్బు రాకపోయేసరికి నవంబరులో, ప్రకటనల బడ్జెట్టులోంచి ఆ మొత్తాన్ని మళ్లించవలసి ఉంటుందని హెచ్చరిస్తూ వారం రోజుల గడువిచ్చింది. డబ్బు అప్పుడు కదిలింది.

దీనికి ముందు కూడా కోర్టు ఒక దారి చూపించింది. ఢిల్లీలోకి వచ్చే సరకు లారీల నుంచి 2015 నుంచి పర్యావరణ పరిహార రుసుం వసూలు చేస్తున్నారు. ఆ నిధిలోంచి ఈ రైలుకు ఇవ్వాలని ఆదేశించింది. పొగ వదిలే వాహనం కట్టిన రుసుం పొగ లేని రైలుకు పోవడం నాకు ఎంతో న్యాయంగా కనిపించింది. రోడ్డు వాడేవాడు రైలుకు ఎందుకు కట్టాలని మా ఆఫీసులో ఒకరు వాదించారు. ఆయన ముందు కార్లలో పోయే యాభైమంది రైలెక్కితే రోడ్డు ఖాళీ అయ్యేది ఆయనకే కదా!

ఈ అనుభవంతో మన హైదరాబాదును చూస్తే మనసు కలుక్కుమంటుంది. ఎంఎంటీఎస్ తొలి దశ 2003 ఆగస్టులో మొదలైంది. రైల్వేశాఖ, అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చెరిసగం పెట్టుకున్నాయి. ఉన్న పట్టాల మీదనే లోకల్ రైళ్లు నడపడం కాబట్టి ఖర్చు చాలా తక్కువ, పేదవాడు ఐదు రూపాయలతో ఎక్కగలిగాడు. రెండో దశ 2012–13లో మంజూరైంది. అంచనా సుమారు రూ.816 కోట్లు. ఈసారి రాష్ట్రం మూడింట రెండు వంతులు, రైల్వే ఒక వంతు పెట్టాలన్నారు. ఢిల్లీ–మీరట్ మార్గంలో రెండున్నర కిలోమీటర్లకు కూడా చాలని మొత్తమది. అయినా కొత్త సర్వీసులు 13 పట్టాలెక్కడానికి 2023 ఏప్రిల్ రావలసి వచ్చింది. మౌలాలి–సనత్‌నగర్ మీదుగా ఘట్‌కేసర్–లింగంపల్లి రైలు 2024 మార్చి 5న మొదలైంది. రాష్ట్ర వాటా సకాలంలో అందలేదని రైల్వేశాఖ ఈ మధ్యకాలంలో పలుమార్లు చెప్పింది. ఎవరి తప్పెంత అన్న వాదన అలా ఉంచితే, ఒప్పందంలో వాటా రాసుకోవడం వేరు, ఆ వాటా ఏ ఏడాది ఏ నెలలో ఖాతాలో పడాలో కట్టుదిట్టం చేసుకోవడం వేరు అని ఈ పదేళ్లు నేర్పాయి. అక్కడ ప్రకటనల ఖర్చు లెక్క అడిగిన కోర్టులాంటి గట్టి ఒత్తిడి మన ఎంఎంటీఎస్‌కు ఎవరూ తేలేదు.

హైదరాబాద్ మెట్రోది పూర్తిగా వేరే దారి. 2010 సెప్టెంబరులో ఎల్ అండ్ టీతో ఒప్పందం కుదిరినప్పుడు అంచనా రూ.14,132 కోట్లు. లాభం చాలని చోట ప్రభుత్వం సర్దే వయబిలిటీ గ్యాప్ నిధి కింద కేంద్రం ఇవ్వడానికి ఒప్పుకున్నది రూ.1,458 కోట్లు. మిగతాదంతా కంపెనీ మూలధనం, బ్యాంకు అప్పు. స్టేషన్ల దగ్గర మాల్స్, ఆఫీసు భవనాలు కట్టుకుని అద్దెలతో సర్దుకోవాలన్నది ఆలోచన. ఖజానా మీద భారం లేకుండా ఇంత పెద్ద మెట్రో రావడం చూసి అప్పట్లో నేనూ గర్వపడ్డాను. 2017 నవంబరులో రైలు మొదలైంది, రెండున్నరేళ్లు తిరగకుండానే కోవిడ్ వచ్చింది, ప్రయాణికులు లేకపోయినా బ్యాంకు వడ్డీ ఆగదు. చివరకు 2025 సెప్టెంబరులో దాదాపు రూ.13 వేల కోట్ల అప్పును తన మీద వేసుకుని, కంపెనీకి సుమారు రూ.2 వేల కోట్లు ఇచ్చి మెట్రోను స్వాధీనం చేసుకోవడానికి రాష్ట్ర ప్రభుత్వం అంగీకరించింది. అంటే మొదట పెట్టకుండా తప్పించుకున్న ప్రజాధనం చివరికి పెట్టక తప్పలేదు. మెట్రో సేవ మంచిదే, నేను ఊరెళ్లినప్పుడల్లా ఎక్కుతాను. డబ్బు సమకూర్చిన తీరు మాత్రం బరువును కనిపించకుండా దాచిపెట్టిందే తప్ప తగ్గించలేదు.

స్టేషన్ పక్కన భూమి విలువ పెరిగినవారి నుంచి కొంత రాబట్టడం అన్న ఆలోచన మాత్రం చెడ్డది కాదు. లండన్‌లో 2022 మే 24న మొదలైన ఎలిజబెత్ లైను కోసం 2010 నుంచే పెద్ద విలువ గల వ్యాపార భవనాల మీద, వాటికి లెక్కగట్టిన వార్షిక అద్దె విలువలో ప్రతి పౌనుకు రెండు పెన్నీల చొప్పున అదనపు పన్ను వసూలు చేశారు. కెనరీ వార్ఫ్ ప్రాంతపు భవన యజమాని సంస్థ తన ముంగిట స్టేషన్ కోసం 15 కోట్ల పౌన్లు ఇచ్చింది. అక్కడికీ ఇక్కడికీ తేడా ఏమిటంటే, లండన్‌లో ఆ పన్ను వసూలుకు రైలు కదిలే దాకా ఆగలేదు. ఉత్తరప్రదేశ్ 2022లో రవాణా మార్గాల వెంబడి ఎత్తయిన భవనాలకు అనుమతించే విధానం తెచ్చింది. అదనపు అంతస్తులకు కట్టే రుసుంలో కొంత రైలుకు చేరాలన్నది ఉద్దేశం. గాజియాబాద్, మురాద్‌నగర్ మధ్య రైల్లోంచి చూస్తే కొత్త కాలనీల బోర్డులు వరసగా కనిపిస్తాయి. "రైలు స్టేషనుకు ఐదు నిమిషాలు" అని హిందీలో పెద్ద అక్షరాలతో రాసుకున్న వెంచరు యజమాని, ఆ ఐదు నిమిషాల దగ్గరతనాన్ని గజం ధరలో కలిపి అమ్ముకుంటున్నాడు. ఆ లాభంలో కొంత భాగమైనా రైలుకు రాకపోతే భారం మళ్లీ టికెట్టు మీదనే పడుతుంది.

టికెట్టు ధర మీద నా అభ్యంతరం ఇక్కడే. నాకు రూ.150 ఎక్కువ కాదు. కారు ఖర్చుతో పోలిస్తే చాలా తక్కువ. కానీ మీరట్ నుంచి ఢిల్లీలో ఇళ్లపనికి, కాపలా పనికి వచ్చేవాళ్లను తలచుకోండి. మొత్తం దూరం రానూపోనూ రూ.300 అయితే, నెలకు పాతిక రోజులకు రూ.7,500. వాళ్ల జీతంలో అది పెద్ద కోత. ఈ రైలుకు పెట్టిన డబ్బులో వాళ్లు కొన్న సబ్బుబిళ్ల మీద పన్ను కూడా ఉంది. యాప్‌లో కొన్నవారికి పాయింట్ల రూపంలో కొంత తిరిగి వస్తుంది కానీ, అది స్మార్ట్‌ఫోను చేతిలో ఉన్నవారికి పనికొచ్చే రాయితీ. రోజూ తిరిగే కూలీకి లోకల్ రైలు సీజను టికెట్టు లాంటి ఒక నెలవారీ పాసు, అదీ కౌంటరులో నోటు ఇచ్చి కొనుక్కునేది, కావాలి. దానివల్ల వచ్చే లోటును స్టేషన్లలో దుకాణాల అద్దె, ప్రకటనలు, పైన చెప్పిన భూమి రుసుం నుంచి పూడ్చాలి. ప్రీమియం బోగీ టికెట్టు ఇంకా కాస్త పెంచినా ఎక్కేవాళ్లు ఎక్కుతారని నా అంచనా.

తెలుగువాళ్లు సంతోషించదగ్గ ఒక సంగతి మధ్యలో చెప్పడం మరిచాను. ఈ రైలు పెట్టెలు తయారైంది గుజరాత్‌లోని సావ్లీలో అయినా, వాటి డిజైను రూపుదిద్దుకుంది మన హైదరాబాదులో. అల్‌స్టామ్ కంపెనీ ఇంజినీర్లు అక్కడ గీసిన గీతలే ఇక్కడ 160 కిలోమీటర్ల వేగంతో పరుగెత్తుతున్నాయి. అమ్మకు ఈ మాట చెప్పగానే సీటు చేతిని ఒకసారి తడిమి చూసింది. నడిపే బాధ్యత మాత్రం 12 ఏళ్ల ఒప్పందంతో జర్మనీ రైల్వేల అనుబంధ సంస్థకు ఇచ్చారు. కట్టడం ప్రభుత్వ డబ్బుతో, నడపడం అనుభవమున్న సంస్థ చేతుల్లో అన్న ఈ ఏర్పాటు, మొత్తం ఒకే కంపెనీ నెత్తిన పెట్టడం కంటే మంచిదని ఇప్పటిదాకా కనిపిస్తోంది. సంస్థ సరిగా నడపకపోతే మార్చుకోవచ్చు, పట్టాలు మనవే ఉంటాయి.

నేను మార్కులు వేస్తే ప్రయాణానికి ఐదుకు నాలుగున్నర. డబ్బు సమకూర్చిన పద్ధతికి మూడున్నర. దీర్ఘకాలపు రుణం, ఒకే యజమాని, అప్పిచ్చినవారి క్రమశిక్షణ అన్నవి కలిసొచ్చాయి కాబట్టి 2019 మార్చిలో శంకుస్థాపన జరిగిన మార్గంలో మొదటి 17 కిలోమీటర్లు, మధ్యలో కోవిడ్ ఉన్నా, 2023 అక్టోబరు నాటికి తెరుచుకున్నాయి. డాలరు గండం, వాటా కోసం కోర్టు మెట్లు ఎక్కవలసి రావడం, భూమి నుంచి రావలసినది ఇంకా పుంజుకోకపోవడం చూసి ఒకటిన్నర తగ్గించాను. టికెట్టు ధరకు విడిగా మూడు.

ఢిల్లీ వచ్చి మీరట్ వైపు వెళ్లే తెలుగువారికి రెండు మాటలు. ఆనంద్ విహార్ బస్టాండుకో రైల్వేస్టేషనుకో వచ్చినవారు అక్కడే కిందికి దిగి ఈ రైలు పట్టుకోవచ్చు, న్యూ అశోక్‌నగర్ దాకా వెనక్కి రానక్కర్లేదు. పెద్దవాళ్లు వెంట ఉంటే గేటు దగ్గరే సిబ్బందిని అడగండి, చక్రాల కుర్చీ తెచ్చి ఇస్తారు. మీరట్ సౌత్‌లో దిగాక ఊళ్లోకి ఆటో మాట్లాడుకోవలసి వస్తే ఎక్కకముందే ధర తేల్చుకోండి. అమ్మా నేనూ దిగిన రోజున స్టేషను బయటి ఆటో అతను మొదట అడిగిన మొత్తం, మేమిద్దరం 55 కిలోమీటర్లు రైల్లో రావడానికి కట్టిన రూ.300 కంటే ఎక్కువ.